అత్తరుదానిలో పట్టేంత

చుక్కా, పూలనూనె చుక్కా, నీకు దండం.

నువ్వు ఒంటరిగా రాలేదు. నీ వెనక ఒక తోట నడిచి వచ్చింది. తెల్లారగట్ల, ఎండ రేకును తాకకముందే కోసిన గులాబీలు 3,000 నుంచి 4,000 కిలోలు బానలో మరిగితే ఒక్క కిలో తైలం దిగుతుంది. ఆ లెక్కన నీలో దాదాపు 100 గ్రాముల రేకులున్నాయి. అన్ని రేకుల ఊపిరి, అన్ని రేకుల పొగరు, వేలికొసన నిలిచే ఆ తడిలో ఇమిడిపోయాయి. నిన్ను పొగడాలనుకునేవాళ్లు ముందు ఈ లెక్క చెప్పాలి. నీ మహిమ అక్కడే ఉంది. నీ దగ్గర మా జాగ్రత్త కూడా అక్కడే మొదలు కావాలి.

మల్లెకు మరిగే ఆవిరి గిట్టదు. వేడికి దాని పరిమళం చెడిపోతుంది. అందుకని మల్లెనూ జాజినీ ద్రావకంలో నానబెట్టి సారం తీస్తారు. ద్రావకం ఎగిరిపోగా మైనపు ముద్ద మిగులుతుంది, దాన్ని ఆల్కహాల్‌తో కడిగి, ఆ ఆల్కహాల్‌నూ పోగొడితే మిగిలేదే అబ్సొల్యూట్ అని అమ్మే అసలు సారం. ఒక్క కిలో కోసం లక్షల పూలు, ఒక్కొక్కటీ చేత్తో తెంపినవే. సాయంత్రం విచ్చుకునే మల్లె, తీగ నుంచి తెగిన తర్వాత కూడా రాత్రంతా వాసన పుట్టిస్తూనే ఉంటుంది. తల్లి నుంచి వేరుపడ్డా పని మానని పువ్వు! దాని పరిమళంలో ఇండోల్ అనే పదార్థం రవ్వంత ఉంటుంది. అదే చిక్కగా ఉంటే ముక్కు మూసుకోవలసిన కంపు. పలచబడితే మల్లెకు ప్రాణం. చుక్కా, నీ స్వభావాన్ని ఇంత సూటిగా చెప్పే సాక్ష్యం నాకు మరొకటి దొరకలేదు. నువ్వు ఎంత తక్కువైతే అంత పువ్వువి.

జనగామ దగ్గర, హైదరాబాదు నుంచి ఓరుగల్లు పోయే తోవలో, పెంబర్తి ఉంది. ఇత్తడి రేకును లక్క మీద పరిచి, ఉలి మోపి, సుత్తి తాకించి లతలు పారించే ఊరు. కాకతీయుల నాడు గుళ్లకూ రథాలకూ పనిచేసిన ఆ విద్యే నిజాముల నాటికి పాన్‌దాన్లు, అత్తరుదాన్లు చేసింది. 2010లో పెంబర్తి లోహపు పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ చేతులు చేసిన వాటన్నిటిలో నా మనసు అత్తరుదాని మీదే ఆగుతుంది. నీళ్లకు బిందె. ధాన్యానికి గాదె. అత్తరుకు మాత్రం అరచేతిలో పట్టే పెట్టె. ఆ పెట్టె మూత తీసి, సన్నని పుల్లకు చుట్టిన దూదిని ముంచి, మణికట్టు మీద ఒక్కసారి తాకించి, చెవి మడతలో దోపుకుంటే అయిపోయింది. ఎంత వాడాలో ఆ పాత్రే చెప్పేది. కాగితం మీద రాసిన హెచ్చరిక ఏదీ అక్కర్లేకపోయింది.

అత్తరు ఎట్లా పుడుతుందో తెలిస్తే ఆ పెట్టె మీద ప్రేమ ఇంకా పెరుగుతుంది. కన్నౌజ్‌లో డేగ్ అనే రాగి బానలో పూలూ నీళ్లూ పోసి, మూతి చుట్టూ మట్టి మెత్తి, కింద కట్టెల మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టంలో నడిచి, నీళ్లలో చల్లబడుతున్న భాప్కా అనే పాత్రలోకి దిగుతుంది. అక్కడ చందన తైలం ముందే కాచుకుని కూర్చుంటుంది. పువ్వు ఆవిరి దాని ఒడిలో పడి నిలుస్తుంది. ఒడిశాలోని గంజాం జిల్లాలో, తెలుగు మాట వినిపించే బరంపురం చుట్టుపక్కల, మగ మొగలి పొత్తులను కూడా బానల్లో ఇట్లాగే మరిగిస్తారు. చందనం మీదికి దించిన అత్తరు పుట్టుకతోనే కలిపినది, తగ్గించినది, ఒంటికి తోడు తెచ్చుకున్నది. ఈనాడు ఎసెన్షియల్ ఆయిల్ అన్న చీటీతో చిన్న సీసాలో దొరికే నువ్వు అట్లా కాదు. నువ్వు ఒడి లేకుండా వస్తావు. ఆ ఒడి మేమే పట్టాలి.

నువ్వులనూనె నీకు ఒడి. కొబ్బరినూనె, బాదం నూనె నీకు ఒడి. పల్లినూనె పడని మనుషులుంటారు, అందుకని దాన్ని అడిగి తెలుసుకుని వాడాలి. 30 మిల్లీలీటర్ల నూనెలో ఆరు చుక్కలుగా నువ్వు దిగితే నూటికి దాదాపు ఒక పాలు. పన్నెండు చుక్కలైతే రెండు పాళ్లు. పెద్దవాళ్ల ఒళ్లు మర్దనకు ఈ రెంటి మధ్య ఎక్కడైనా చాలు. మొహానికి ఒక పాలు దాటనక్కర్లేదు. జాజి సారాన్నీ ఇలాంగ్ ఇలాంగ్ తైలాన్నీ ఒక పాలుకు కూడా లోపలే ఉంచమంటారు తెలిసినవాళ్లు, చర్మానికి పడకపోవడం వాటితో ఎక్కువ గనక. ముందు మోచేతి మడత లోపల, కలిపిన నూనెనే కొంచెం రాసి, ఒక రోజు, వీలైతే రెండు రోజులు ఆగి చూడాలి. ఎర్రబడినా, దురద పెట్టినా ఆ పువ్వును వదులుకోవాల్సిందే. ఒళ్లు ఒక నూనె మీద పగ పెంచుకుంటే ఆ పగ చాలామందిలో బతికినంత కాలం పోదు. తర్వాత అదే పదార్థం సబ్బులో ఉన్నా, పౌడరులో ఉన్నా గుర్తుపట్టి రేగుతుంది.

ఉత్తరాదిన ఇంకో పాత పద్ధతి ఉంది, దాన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు చేతులెత్తాలనిపిస్తుంది. నువ్వుల పొర మీద మల్లెలో జాజులో పరుస్తారు. అవి వాడగానే తీసేసి కొత్తవి పరుస్తారు. ఇట్లా మార్చి మార్చి వాసన పట్టించిన నువ్వుల్ని గానుగ ఆడిస్తారు. వచ్చే నూనెలో పువ్వు ఎక్కడుందో నువ్వుగింజ ఎక్కడుందో ఎవరూ విడదీయలేరు. తలకు రాసుకునే పూలనూనె శతాబ్దాలుగా అట్లా తయారైంది. కాల్చని, మంట పెట్టని మెత్తదనం ఆ తయారీలోనే ఉంది.

పెంబర్తిలాగే బమ్మెర కూడా జనగామ జిల్లాలోనే ఉంది, పాలకుర్తికి దగ్గర్లో. పోతన పేరు మోసే ఊరు. ఆయన తెనిగించిన భాగవతం దశమస్కంధంలో, మథుర వీధిలో కుబ్జ ఎదురవుతుంది. కంసుడి కోసం మైపూతలు కలిపి తీసుకుపోయే మనిషి. దారిలో కృష్ణుడు అడిగితే ఆయనకే పూస్తుంది. గంధం అరగదీయడం, పాళ్లు కలపడం, ఒంటికి తగిన చిక్కదనానికి తేవడం ఆమె చేతి విద్య. సుగంధాన్ని మనిషి ఒంటికి అద్దడం తెలిసిన చేతుల పని అని ఆ ఘట్టం నాకు చెబుతుంది. ఇంకొకటి కూడా చెబుతుంది. కుబ్జ ఒంటి వంపును సరిచేసింది కృష్ణుడి చేయి, గంధం కాదు. ఈ తేడా మరిచిపోయినవాళ్లు నువ్వు షుగరును పోగొడతావని, బీపీ మాత్రలు మానిపిస్తావని చెప్పి నిన్ను అమ్ముతున్నారు. నాకు కోపం వస్తుంది. నీకు లేని మహిమను నీకు అంటగడితే, ఉన్న మహిమ మీద కూడా నమ్మకం పోతుంది.

నీకున్నది చిన్నదీ, నిజమైనదీ. చూపూ వినికిడీ తెచ్చే కబురు మెదడులో థాలమస్ అనే మజిలీ దగ్గర ఆగి ముందుకు పోతుంది. వాసన ఆ మజిలీలో ఆగదు. భయమూ ఇష్టమూ జ్ఞాపకమూ కాపురముండే గదుల్లోకి నేరుగా నడుస్తుంది. వాసన పట్టే గ్రాహకాల జన్యువులను కనిపెట్టినందుకు రిచర్డ్ ఆక్సెల్‌కు, లిండా బక్‌కు 2004లో నోబెల్ బహుమతి వచ్చింది. మనిషిలో పనిచేసే ఆ గ్రాహకాలు సుమారు 400 రకాలు. అన్ని తలుపులున్న ఇంటికి ఒక్క చుక్క చాలదా? బిగుసుకున్న భుజాలు వదులవుతాయి. నిద్ర రాని మనిషి ఊపిరి కొంచెం నెమ్మదిస్తుంది. ఆస్పత్రి పరుపు మీద ఉన్నవాళ్లకు ఇల్లు గుర్తొస్తుంది. డాక్టరు రాసిన మందు మందే. నువ్వు ఆ మందు పక్కన కూర్చుని చేయి పట్టుకునే బంధువువి.

మహబూబాబాద్ జిల్లాలో కొత్తగూడ, గంగారం వైపు అడవి చిక్కబడుతుంది. ఎండాకాలం మొదట్లో ఇప్పచెట్టు రాత్రి పూసి తెల్లారేసరికి రాల్చేస్తుంది. కోయ ఇళ్ల ఆడవాళ్లు చీకటితోనే గంపలు పట్టుకుని పోతారు. కమ్మగా, మత్తుగా, పండిన పండుకూ పువ్వుకూ నడుమ ఉండే ఆ వాసనను అడవి అంచునే పట్టవచ్చు. ఆ పూలను ఎండబెడతారు, వండుకుంటారు, లడ్డూలు చేస్తారు, సారా కాస్తారు. ఆవిరిని పైకి పంపి, చల్లార్చి, చుక్కచుక్కగా దింపే ఆ ఒడుపూ కన్నౌజ్ డేగ్ ఒడుపూ ఒకటే. ఈ అడవికి ఆ విద్య ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. ఇప్పగింజల నూనె సంగతి వేరు. అది గానుగ నూనె, చలికి నెయ్యిలా పేరుకుంటుంది, కాగితం మీద పడితే మరక వదలదు. నువ్వు కాగితం మీద పడితే కాసేపటికి ఎగిరిపోవాలి. మల్లె సారం, చందనం లాంటి చిక్కటివాటిని పక్కన పెడితే, జిడ్డు మరక ఉంచిపోయే చుక్కలో ఎవరో మామూలు నూనె కలిపి ఉంటారు. మా బతుకమ్మలో పేర్చే తంగేడును, గునుగును ఎవరూ చుక్క కోసం మరిగించరు. అవి రంగుతో పండగ చేసే పూలు. ప్రతి పువ్వూ సీసాలోకి రానక్కర్లేదు.

మానుకోట అని మేం పిలుచుకునే మహబూబాబాద్ మార్కెట్‌కు ఎర్రమిర్చి వచ్చే రోజుల్లో యార్డు పక్కనుంచి నడిస్తే ముక్కూ కళ్లూ ఒక్కసారి భగ్గుమంటాయి. దాన్ని వాసన అనము, ఘాటు అంటాము. ఒంటి లోపల కూడా ఆ రెండూ వేరే. ఘాటును మోసేది ట్రైజెమినల్ అనే మరో నరం, అది మనిషిని కాపాడటానికి ఉన్న నరం. పూలనూనె పీల్చినప్పుడు గొంతు గీరితే, కళ్లు చెమరిస్తే, తల బరువెక్కితే పలుకుతున్నది పువ్వు కాదు, నీ మోతాదు. డిఫ్యూజర్ నీళ్లలో మూడు నాలుగు చుక్కలు చాలు. అరగంట, మహా అయితే గంట. తర్వాత ఆపి కిటికీ తెరవాలి. కాసేపటికి ముక్కు అలవాటు పడి నిన్ను గుర్తించడం మానేస్తుంది. అప్పుడే మనుషులు అయిపోయిందనుకుని ఇంకో నాలుగు చుక్కలు వేస్తారు. బయటికి పోయి వచ్చినవాళ్లను అడిగితే గదిలో నువ్వు ఎంత నిండి ఉన్నావో చెబుతారు. ఉబ్బసం ఉన్నవాళ్ల గదిలోకి నువ్వు రాకూడదు. పిల్లులూ పెంపుడు పక్షులూ ఉన్న గదిలోకి అసలే రాకూడదు, ఎందుకంటే మన కాలేయం అరిగించుకునే ఈ పదార్థాలను పిల్లి కాలేయం సరిగా అరిగించుకోలేదు.

భూపాలపల్లి జిల్లా కొసన, ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే కాళేశ్వరంలో, ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్నాయి. వాటిలో ముక్తీశ్వరుడికి రెండు నాసికా రంధ్రాలు. ఎన్ని బిందెలు అభిషేకం చేసినా ఆ నీళ్లు వాటిలోంచి దిగి సంగమంలో కలుస్తాయని జనం నమ్మకం. ముక్కుతో అభిషేకం అందుకునే దేవుడు! ఆయనకు బిందెలు పట్టవచ్చు. ఆయన గుడి మెట్లు దిగి వచ్చే మనిషికి చుక్క చాలు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, ఈ మూడు జిల్లాల నేలా ఒకప్పుడు ఓరుగల్లు ఏలుబడిదే. గణపతిదేవ చక్రవర్తి 1244లో సముద్రం ఒడ్డున మోటుపల్లిలో వేయించిన అభయ శాసనంలో సుంకం కట్టే సరుకుల పేర్లున్నాయి. గంధం, కర్పూరం, పన్నీరు, పునుగు, కర్పూర తైలం. భూపాలపల్లి జిల్లా ఘనపురంలోని కోటగుళ్లను కూడా ఆయన కాలానికే చెందినవిగా చెబుతారు. ఓడ దిగిన పన్నీరు ఏ బండి మీద ఏ గుడికి చేరిందో ఊహించుకోవడం నాకు ఇష్టం. కానీ కర్పూర తైలం అన్న మాట దగ్గర ఊహ ఆపుతాను. కర్పూరం గానీ నీలగిరి తైలం గానీ మింగిన పసిపిల్లలకు నిమిషాల్లో మూర్ఛలు రావచ్చు. ఒకటి రెండు చెంచాలు ప్రాణం మీదికి తెస్తాయి. చెల్లెలా, జలుబు చేసిందని పసిబిడ్డ ముక్కు కింద వాటిని రాయకు. పూలనూనెలు అంత క్రూరమైనవి కావు, అయినా ఏ పూలనూనె కూడా తాగేది కాదు. తేనెలో కలిపినా తాగేది కాదు. పిల్లవాడు సీసా నోట్లో పెట్టుకుంటే వాంతి చేయించవద్దు. పైకి వచ్చే నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే అది ఇంకా పెద్ద ప్రమాదం. 108కి ఫోన్ చెయ్యి, సీసాను చేతిలో పట్టుకునే ఆస్పత్రికి పో, వాడు తాగింది ఏమిటో డాక్టరు చదవగలగాలి. కంట్లో పడితే పావుగంట సేపు శుభ్రమైన నీళ్లు ధారగా పోస్తూ ఉండు. కడుపుతో ఉంటే, ముఖ్యంగా మొదటి మూడు నెలలు, డాక్టరమ్మను అడగకుండా ఏ తైలమూ ఒంటికి రాసుకోకు. రెండేళ్లు నిండని బిడ్డకు నీ ఒంటి వాసనే చాలు. అంతకంటే మంచి పరిమళాన్ని వాడు ఈ లోకంలో ఎరగడు.

చుక్కా, స్నానం బకెట్లో నిన్ను నేరుగా వేయకూడదు. నువ్వు నీటితో కలవవు, పైన తేలుతూ వెళ్లి దొరికిన చర్మానికి చిక్కగా అంటుకుంటావు. దీపం ప్రమిదలో, అగరుబత్తి నిప్పు మీద వేయకూడదు, నువ్వు మండుతావు. మే నెలలో మా ఎండలు 44 డిగ్రీలు దాటిన రోజులుంటాయి. ఆ వేడిలో, గాలి తగిలే సీసాలో నువ్వు ముసలిదానివి అవుతావు. లావెండర్‌లోనూ మల్లెలోనూ ఉండే లినలూల్ గాలితో కలిసి మారిపోతే చర్మాన్ని రేపే పదార్థాలు పుడతాయి. అందుకే నీకు ముదురురంగు గాజు సీసా, బిగుతు మూత, చల్లని చీకటి చోటు. మూత తీసిన తేదీ సీసా మీదే రాసి పెట్టాలి. కొనేటప్పుడు చీటీ మీద మొక్క శాస్త్రీయ నామం ఉందా, రోజా డమస్సీనా అనో జాస్మినమ్ శాంబక్ అనో, చూడాలి. 4,000 కిలోల రేకుల లెక్క తెలిసినవాళ్లు వంద రూపాయలకు దొరికే గులాబీ తైలాన్ని చూసి మోసపోరు. అది ప్రయోగశాలలో పుట్టిన వాసన. బట్టలకు చల్లుకోవడానికి పనికొస్తే రావచ్చు గానీ, దాన్ని పూలనూనె అనకూడదు.

చుక్కా, ఇక నా వేడుకోలు.

మా ఇళ్లకు రా. పెంబర్తి అత్తరుదానిలో పట్టేంతగానే రా. కిటికీ తెరిచిన గదిలోకి రా, మేం మెలకువగా ఉండగా రా. పగలంతా పత్తి ఏరి, నడుము పట్టేసి ఇంటికొచ్చిన అమ్మ కాళ్లకు నువ్వులనూనెలో కలిసి రా. ముందు మోచేతి మీద పరీక్షకు నిలబడు, రెండు రోజులు ఓపిక పట్టు. ఆమె మాత్రలు ఆమె వేసుకుంటుంది, నువ్వు వాటి చోటు అడగకు. ఆమె ఈ వాసన నాకు పడదు బిడ్డా అంటే నేను బతిమాలను. నిన్ను మూత బిగించి, పిల్లల చేతికందని పైఅరలో పెట్టి, ఆమె కాళ్లకు ఉత్త నువ్వులనూనే గోరువెచ్చగా చేసి రాస్తాను.